పొగబెట్టడం

ముప్ఫై ఒక్క ఏళ్ళు పొగతో పోట్లాడినవాణ్ణి.
ఊపిరితిత్తుల పరీక్ష కాగితం మీద
డాక్టర్ వేలితో ఒక గీత చూపించాడు, కిందికి దిగే గీత.
మర్నాటి నుంచి నాలుగో నంబరు ఫైరింజన్‌లో
నా సీట్లో కోల్బీ.

స్టేషన్ కుర్రాళ్ళు చందాలేసుకుని
పెల్లెట్ గ్రిల్ కొనిచ్చారు, మూతకి ఎర్ర రిబ్బన్ కట్టి.
పొమ్మనలేక పొగబెట్టారనుకున్నాను.
తీరా వెలిగించి చూస్తే
ఆ పొగైనా సరిగ్గా పెట్టలేదు.

దీనికి ప్లగ్గుంది. నిప్పుకి ప్లగ్గు!
మీట తిప్పితే అంకెలు వెలుగుతాయి,
లోపలి మర రంపపుపొట్టు గుళికల్ని
కోడి గింజలేరినట్టు ఏరుకుంటుంది,
ఫ్యాను ఊదుతుంది, మంట బుద్ధిగా మండుతుంది.
మొదటి బ్రిస్కెట్‌కి పధ్నాలుగు గంటలు.
మెత్తగానే ఉంది, రసం ఊరుతోంది.
నెల్డా చాలాసేపు నమిలి, మర్యాదగా,
"ఓవెన్‌లో చేసినట్టే ఉంది, వెర్లిన్" అంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నిప్పుండీ పొగ రాకపోతే ఎవర్నడగాలి?

కంచెకవతల ఓడెల్ ట్రామెల్‌ని.
ఆయిల్ బావి పైపు కోసి అతికించిన పొయ్యి అతనిది.
పెకాన్ దుంగలు, తెల్లవార్లూ కాపలా.
నా యంత్రాన్ని చూసి నవ్వలేదు,
అదే ఎక్కువ గుచ్చుకుంది.
వంగి, బూడిద గిన్నెలో వేలు పెట్టి,
"మంట కడుపునిండా తింటోందయ్యా, ఇక పొగెక్కడిది?
కాస్త పస్తుంచు" అన్నాడు.

పస్తుంచాను. మొదటి మూడు గంటలూ
నూట ఎనభై దాటనివ్వలేదు.
కలగలుపు సంచి మానేసి అచ్చం హికరీ తెచ్చాను.
రాత్రి జల్లుకి సగం ఉబ్బి మరలో ఇరుక్కుంటే
చెంచాతో తవ్వాను, ఓక్లహోమా వానని తిడుతూ.
చిల్లుల గొట్టంలో గుళికలు నింపి
ఒక కొసన అంటించి, పది నిమిషాలు మండనిచ్చి
ఉఫ్‌మని ఆర్పాను.
ఆర్పడం నాకు కొత్తా?
ఆరిన కొసలోంచి తీగలా లేచింది.

మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి సరాసరి పెట్టమన్నాడు ఓడెల్,
చల్లగా, తడిగా. చలి ఒంటినే పొగ పట్టుకుంటుందట.
ఇది నాకొకరు చెప్పాలా.
ఒక జనవరి, కోటు మీద నీళ్ళు గడ్డకట్టి
మేపుల్ వీధి ఇంట్లోంచి బయటికొచ్చాక
వారం రోజులు ఆ ఇల్లు నా మెడ మీదే ఉంది.
నెల్డా గరాజ్‌లోనే బట్టలు విప్పించేది.
సబ్బు మార్చింది. ఇల్లు పోలేదు.

పొగని చదవడం నా వృత్తి.
నల్లగా పొర్లుతుంటే గది అంటుకోబోతోంది.
గోధుమ రంగైతే లోపల దూలాలు.
తలుపు సందు పొగని వెనక్కి పీలుస్తుంటే
పేరు పెట్టి అరువు, అందర్నీ బయటికి లాగు.
నీలం గురించి మాత్రం ఏ శిక్షణలోనూ చెప్పలేదు.
గొట్టం కొసన ఇప్పుడున్నది అదే,
ఎండలో ఉందో లేదో తెలియనంత నీలం.
మూత తియ్యబోయిన చేతిని
జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం ఇంజన్ వచ్చి ఇంటి ముందాగింది.
కోసిన ముక్క అంచున గులాబీ చార.
కోల్బీ మాట్లాడకుండా మూడోసారి వడ్డించుకున్నాడు.
నెల్డా నా చొక్కా చేతిని ముక్కు దగ్గరికి తీసుకుని
"ఇవాళ్టికి ఉతకన్లే" అంది.

అప్పుడే రేడియో గరగరలాడింది.
నలుగురూ లేచారు. నేనూ లేచాను.
రోడ్డు మలుపు దాకా సైరన్.
తూర్పున, నీళ్ళ ట్యాంకు వెనక, ఒక మచ్చ.
ఇంత దూరం నుంచే చదివాను.
పల్చని తెలుపు. గడ్డి. గాలి కూడా లేదు.

కూర్చున్నాను.
నాలుగు కంచాల మీదా రేకు కాగితం కప్పి
అంచులు నొక్కాను, గట్టిగా,
ఉన్న పొగ పోకుండా.